ప్లాటిపస్ దగ్గర తొందరపడొద్దు

ప్రశ్న: డిసెంబరులో మూడు వారాలు మెల్‌బోర్న్‌లో మా అబ్బాయి దగ్గరికి పోతున్నాం. కొడుకూ కోడలూ పగలంతా ఆఫీసుల్లో ఉంటారు, శని ఆదివారాలే తీరిక. కంగారూ, కొయలా, ప్లాటిపస్, పెంగ్విన్ చూడాలని నాకు చిన్నప్పటి ఆశ. మా ఆయనకేమో ఊరు చూడాలని. ఆయనకు మోకాళ్ల నొప్పులు. ఒకే రోజులో అన్నీ చూపించే టూరు బస్సు ఉందంటున్నాడు అబ్బాయి. అదెక్కితే సరిపోతుందా?
- ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, ఆ బస్సు మాత్రం ఎక్కొద్దు. ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. మా కూతురు దగ్గరికి మొదటిసారి పోయినప్పుడు నేనూ నా భార్యా అట్లాంటిదే ఎక్కినాం.

కడపలో ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పినవాణ్ణి నేను. ఏటా బోర్డు మీద ప్లాటిపస్ బొమ్మ గీసేవాణ్ణి. బాతు మూతి, నీటికుక్క ఒళ్లు. గుడ్లు పెడుతుంది, పిల్లలకు పాలిస్తుంది. చన్నులుండవు, పాలు చర్మం మీదికి ఊరితే పిల్లలు నాకుతాయి. ఇదంతా చెప్పి చెప్పి నోటికొచ్చేసింది గానీ, జంతువును చూసింది లేదు. ఆ రోజు జంతువుల పార్కులో బస్సువాళ్లు మాకిచ్చింది నలభై నిమిషాలు. ప్లాటిపస్‌ను మసక వెలుతురు గదిలో ఉంచుతారు. బయటి ఎండలోంచి లోపలికి పోయేసరికి కళ్లకు ఏమీ ఆనలేదు. చూపు కుదురుకునే లోపలే బస్సు బయలుదేరుతోందని కేక. తిరుగు దారంతా నేను మా ఆవిడతో కూడా మాట్లాడలేకపోయినాను.

రెండేళ్లకు మళ్లీ పోయినప్పుడు హీల్స్‌విల్ శాంక్చురీ ఒక్కదానికే ఒక రోజంతా పెట్టుకున్నాం. మీరూ అట్లే చేయండి. ఊరికి తూర్పున ఉంటుంది, కారులో గంట పైచిలుకు. శనివారం మీ అబ్బాయిని తీసుకుపొమ్మనండి. 1934లో మొదలైన చోటు అది. మనుషుల సంరక్షణలో ప్లాటిపస్ పిల్ల మొట్టమొదట పుట్టింది అక్కడే, 1943లో. దాన్ని సాధించినాయన డేవిడ్ ఫ్లే.

గదిలోకి పోయినాక అయిదారు నిమిషాలు ఊరికే నిలబడండి. ముందు నీళ్లలో బుడగల వరస కనపడుతుంది, ఆ వరస చివర జంతువు ఉంటుంది. నన్ను నివ్వెరపరిచింది దాని సైజు. బోర్డు నిండా గీసేవాణ్ణి కదా, తీరా చూస్తే మూరెడు! నీళ్లలో కళ్లు, చెవులు, ముక్కు రంధ్రాలు అన్నీ మూసేసుకుంటుంది. మూతిని ఎడమకూ కుడికీ ఊపుకుంటూ అడుగంతా వెతుకుతుంది, చేటలో బియ్యం చెరిగినట్టు. పురుగు కండరం కదిలితే పుట్టే సన్నని కరెంటు ఆ మూతికి తెలుస్తుంది. ఈ మాట ముప్పై ఏళ్లు పుస్తకంలో చూసి చెప్పినాను. అద్దానికి అవతల, నా ముఖానికి జానెడు దూరంలో, కళ్లు మూసుకున్న ఆ ప్రాణి పురుగును పట్టుకోవడం చూసినప్పుడు నాకు కళ్లనీళ్లు తిరిగినాయి. మా ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి ఏమీ అనకుండా నిలబడింది.

కంగారూలు, కొయలాలు కూడా అక్కడే చూడొచ్చు. కొయలా రోజుకు ఇరవై గంటల దాకా నిద్రపోతుంది. తినేది నీలగిరి ఆకు, దాంట్లో బలం తక్కువ మరి. చెట్టుకొమ్మల సందులో బూడిదరంగు మూటలా ముడుచుకుని ఉంటే నిరాశపడొద్దు. ఎత్తుకుని ఫొటో తీయించుకోవాలని మాత్రం ఆశ పెట్టుకోకండి, మెల్‌బోర్న్ ఉన్న రాష్ట్రంలో చట్టం ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడమే మంచిది.

పెంగ్విన్లకు ఇంకో శనివారం. ఫిలిప్ ఐలాండ్ మెల్‌బోర్న్‌కు దాదాపు 140 కిలోమీటర్లు, మన కడప నుంచి తిరుపతి అంత. రైలు లేదు, కారే. టికెట్టు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. ఇవి పెంగ్విన్లలో అన్నిటికన్నా చిన్నవి. అడుగు ఎత్తు, కిలో బరువు. పగలంతా సముద్రంలో వేటాడి, పొద్దు గుంకినాక గుంపుగా ఒడ్డుకొస్తాయి. డిసెంబరులో అక్కడ పొద్దు గుంకేది రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో, కాబట్టి ఆ రోజు మధ్యాహ్నం మీ ఆయన్ని కాస్త పడుకోమనండి. ఎండాకాలమే కదా అని పలచటి చీరలో పోవద్దు. దక్షిణ సముద్రం మీంచి వచ్చే గాలికి పళ్లు టకటకలాడతాయి. స్వెట్టరు, శాలువా, చెవులకు మఫ్లరు తప్పనిసరి.

అలల నురుగులో మొదట నాలుగైదు నల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఒడ్డు దాకా వచ్చి, దేనికో బెదిరి, అన్నీ కలిసి మళ్లీ నీళ్లలోకి పరుగు. రెండోసారి, మూడోసారి. చివరికి ఒకటి తెగించి ఇసుక దాటితే మిగతావి దాని వెనక. కెమెరా గానీ సెల్‌ఫోను గానీ అక్కడ పనికిరావు, ఫొటోలు తీయనివ్వరు. ఆ గంటసేపు వేల మంది ఫోన్లు జేబుల్లో పెట్టుకుని సముద్రం వైపు చూస్తూ కూర్చోవడం నాకెంతో నచ్చింది. ఇంకో సంగతి. ఆ పక్షుల గూళ్ల నడుమ ఒకప్పుడు మనుషుల కాలనీ ఉండేది. 1985 నుంచి ప్రభుత్వం ఆ స్థలాలు, ఇళ్లు ఒక్కొక్కటే కొనుక్కుంటూ 2010 నాటికి మొత్తం ఖాళీ చేయించి పెంగ్విన్లకు వదిలిపెట్టింది. తిరిగి వచ్చేటప్పుడు కారు కదిలించే ముందు కింద ఒకసారి వంగి చూడమనండి, పెంగ్విన్లు దూరి ఉంటాయి.

మీ ఆయన కోరిక తీర్చడం సులువు. నగరం నడిబొడ్డున ట్రాములు ఉచితం, అక్కడ మైకీ అనే టికెట్టు కార్డు కూడా అక్కర్లేదు. 35వ నంబరు ట్రాము ఊరు చుట్టూ తిరుగుతుంది, అది ఎక్కి కూర్చుంటే చాలు. ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ పసుపురంగు భవనం, ద్వారం పైన వరసగా గడియారాలు, అక్కడ దిగండి. నది దాటితే పెద్ద ఆర్ట్ గ్యాలరీ, మామూలు ప్రదర్శనలకు టికెట్టు లేదు. క్వీన్ విక్టోరియా మార్కెట్ 1878 నాటిది. సోమవారం, బుధవారం మూసేస్తారు. ఆల్బర్ట్ పార్కు చెరువులో నల్లహంసలుంటాయి, అవీ ఆ దేశపువే. అక్కడికి మాత్రం ట్రాముకు మైకీ కార్డు కావాలి. వరసగా రెండు రోజులు తిరగకండి, ఒకరోజు విడిచి ఒకరోజు.

ప్రశ్న: మెల్‌బోర్న్‌కు పచ్చళ్లు, పాలకోవా తీసుకుపోవచ్చా?
- ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: కోవా, నేతి మిఠాయిలు, పచ్చి కరివేపాకు, నాటుకునే విత్తనాలు వద్దు. పశువుల గాలికుంటు రోగం, మొక్కల తెగుళ్లు తమ దేశంలోకి వస్తాయని వాళ్ల భయం. మిగతావి ఏవి తీసుకుపోయినా, విమానంలో ఇచ్చే కార్డులో తిండి పదార్థాలున్నాయా అన్నచోట ‘ఉన్నాయి’ అని టిక్కు పెట్టి, ఆఫీసరుకు చూపించండి. చూపించినది పనికిరాదనుకుంటే తీసుకుంటారు, అంతే. దాచితే పెద్ద జరిమానా, వీసా రద్దు చేసే అధికారం కూడా వాళ్లకుంది. నేను మాగాయ సీసా చూపిస్తే మూత చూసి వెనక్కి ఇచ్చేసినారు.

ప్రశ్న: విదేశాలకు పోయే స్తోమత లేదు. మా పాపకు మన జంతువుల్ని యాడ చూపించాలి సార్?
- ఒక తండ్రి, కర్నూలు

జవాబు: మీకు రోళ్లపాడు ఉంది కదా నాయనా! బట్టమేక పిట్ట కోసం పెట్టిన శాంక్చురీ అది. ఆ పిట్ట కనపడటం ఇప్పుడు గగనమే, కానీ కృష్ణజింకలున్నాయి. తెల్లవారుజామునే బయలుదేరి ఎండెక్కక ముందే అక్కడుండండి. మగజింక మెలితిరిగిన కొమ్ములతో నల్లగా ఉంటుంది, పాప ఇట్టే గుర్తుపడుతుంది.

పాపకు కలివికోడి సంగతి కూడా చెప్పండి. 1900 తర్వాత ఎవరికీ కనపడక, అంతరించిపోయిందనుకున్న పక్షి 1986లో మా కడప జిల్లాలో దొరికింది. రాత్రిపూట చిట్టడవిలో దాన్ని పట్టుకున్నది రెడ్డిపల్లె ఐతన్న. దాని కోసమే లంకమల శాంక్చురీ వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చినారు. హీల్స్‌విల్‌లో ఒక పెద్దావిడ ‘మీ ఊళ్లో ఏముంది’ అని అడిగితే ఈ కథే చెప్పినాను. ‘మీరు చూసినారా’ అని అడిగిందామె. లేదమ్మా, ఇంకా చూడలేదు అన్నాను.