సమాధానం: అమ్మగారు షుగర్ మందులు మానేస్తే

బ్రదర్, చిత్తూరు స్వస్థత కూటంలో "మందు వాడితే అవిశ్వాసమే" అని విన్నాక మీ అమ్మగారు మాత్రలు, ఇన్సులిన్ మానేశారని రాశారు. వాదన తర్వాత. ఈరోజే షుగర్ చూపించి, మందులు మళ్లీ ఎలా మొదలుపెట్టాలో డాక్టర్‌ని అడగండి. వాంతులు, ఆయాసం, మగత ఉంటే నేరుగా ఎమర్జెన్సీకే.

ఆమె బైబిల్ మాటే వింటారు కాబట్టి బైబిలే తెరవండి. కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని అపొస్తలుడు పౌలు తన శిష్యుడు తిమోతికి రాశాడు (1 తిమోతి 5:23). తన సహచరుడు త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో విడిచి వచ్చాడు (2 తిమోతి 4:20). పౌలుకు విశ్వాసం తక్కువని ఎవరైనా అనగలరా? వేలూరులో 1900లో మిషనరీ డాక్టర్ ఐడా స్కడర్ మొదలుపెట్టిన సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రికి మన చిత్తూరు దగ్గరా క్యాంపస్ ఉంది. క్రైస్తవులు నడిపే ఆసుపత్రి అంటే ఆమె కాదనకపోవచ్చు.

గాజులు తాకట్టు పెట్టి "విత్తన కానుక" (ఇస్తే దేవుడు ఎన్నో రెట్లు తిరిగిస్తాడని చెప్పి అడిగే కానుక) ఇవ్వమని కూటంలో అన్నారని చదివి చాలా కోపం వచ్చింది. ఇది అమెరికాలో టీవీ బోధకుడు ఓరల్ రాబర్ట్స్ బాగా ప్రచారం చేసిన బోధ. పౌలు అయితే బలవంతంగా ఇవ్వొద్దన్నాడు (2 కొరింథీ 9:7). గాజులు మీ అక్క దగ్గర పెట్టించండి.

కూటానికి వెళ్లొద్దని మాత్రం గొడవపడకండి, మొండికేస్తారు. మీ సంఘం పాస్టరమ్మను ఇంటికి పిలిచి, ప్రార్థన చేయించి, డాక్టర్ రాసిన మాత్ర పాస్టరమ్మ చేతుల మీదుగానే అమ్మగారికి ఇప్పించండి.