కవలలకు ఎన్‌ఐపీటీ: రిపోర్టు ఎవరి గురించి?

ప్రశ్న: నా వయసు 33. ఐవీఎఫ్ గర్భం. ఏడో వారం స్కాన్‌లో మూడు పిండాలు కనిపించాయి. తర్వాత ఒకదానికి గుండె ఆగిపోయింది. ఇప్పుడు పదకొండో వారం. ఇద్దరూ బాగున్నారు, మాయలు వేరువేరు అన్నారు. ఎన్‌ఐపీటీ (బిడ్డకు క్రోమోజోమ్ లోపాల ముప్పు ఉందా అని తల్లి రక్తంతో చూసే పరీక్ష) చేయించుకోమంటున్నారు. ఒక్క రక్తం శాంపిల్‌తో ఇద్దరి సంగతీ తెలుస్తుందా?
– ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: విడివిడిగా తెలియదండీ. తల్లి రక్తంలో తిరిగే డీఎన్‌ఏ ముక్కల్లో కొన్ని మాయ నుంచి వస్తాయి. ఈ పరీక్ష లెక్కగట్టేది వాటినే. రెండు మాయల ముక్కలూ కలగలిసి ఉంటాయి కనుక రిపోర్టు ఒక్కటే వస్తుంది. ‘లో రిస్క్’ అంటే ఇద్దరికీ. ‘హై రిస్క్’ అంటే ఎవరికో అది చెప్పలేదు.

మీకు అసలు చిక్కు ఆ మూడో పిండంతోనే. దాని మాయ వారాల తరబడి డీఎన్‌ఏ వదులుతూ ఉంటుంది. పిండం ఆగిన ఎనిమిది వారాల తర్వాత కూడా దొరికిన సందర్భాలున్నాయి. తొలి వారాల్లో పిండం ఆగిపోవడానికి తరచూ క్రోమోజోమ్ లోపమే కారణం. ఆ లోపం రిపోర్టుకెక్కి, బతికున్న పిల్లలకు లేని జబ్బు అంటగట్టవచ్చు. ఆగిన పిండం స్కాన్‌లో ఇంకా కనిపిస్తుంటే డబుల్ మార్కర్ (తల్లి రక్తంలోని రెండు పదార్థాలను కొలిచి ముప్పు అంచనా వేసే పరీక్ష) లెక్క కూడా తప్పుతుంది. అందుకే ముందు 11–14 వారాల మధ్య ఎన్‌టీ స్కాన్ చేయించుకోండి. మెడ వెనక నీటి మందాన్ని అందులో ఒక్కో బిడ్డకూ విడిగా కొలుస్తారు. మీ పరిస్థితిలో మొదట నమ్మాల్సింది దాన్నే. ఎన్‌ఐపీటీ ఇప్పుడు అవసరమా అన్నది ఫీటల్ మెడిసిన్ (గర్భంలోని బిడ్డల వైద్యం) డాక్టరుతో మాట్లాడి తేల్చుకోండి.

చేయించుకుంటే మాత్రం ల్యాబ్ ఫారంలో ఏదీ దాచకండి: కవలలని, మాయలు రెండని, మూడో పిండం ఎన్నో వారంలో ఆగిందో, మీ బరువు ఎంతో రాయండి. దాత అండమైతే ఆమె వయసు, ఫ్రీజ్ చేసిన పిండమైతే ఫ్రీజ్ చేసినప్పటి మీ వయసు కూడా కావాలి. కవలల్లో ఒక్కో బిడ్డ వాటా డీఎన్‌ఏ తక్కువ. కాబట్టి ‘రిజల్ట్ రాలేదు’ అనడం ఒంటి గర్భంలో కంటే ఎక్కువ, అధిక బరువు ఉంటే ఇంకాస్త ఎక్కువ. అప్పుడు ఒకటి రెండు వారాలాగి మళ్లీ రక్తం ఇవ్వాల్సి రావచ్చు. డౌన్ సిండ్రోమ్ (21వ క్రోమోజోమ్ అదనంగా ఉండటం) విషయంలో ఎన్‌ఐపీటీ కవలలకూ బాగానే పనిచేస్తుంది. 18, 13 క్రోమోజోమ్‌లు అదనంగా ఉండే లోపాల విషయంలో ఆధారాలు తక్కువ. మైక్రోడిలీషన్ (క్రోమోజోమ్‌లో చిన్న ముక్క లోపించడం) ప్యాకేజీకి అదనంగా డబ్బు కట్టడం దండగ.

హై రిస్క్ వచ్చినా ఆ కాగితం చూసి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. మాయ ముక్క పరీక్షో, 15 వారాలు దాటాక ఉమ్మనీటి పరీక్షో చేసి తేల్చాలి. ఒక్కో బిడ్డకూ శాంపిల్ విడిగా తీయాలి. ఏ బిడ్డ కుడివైపు, ఏది ఎడమవైపు, ఎవరి మాయ ఎక్కడ అన్నది అప్పుడే రాయించుకోండి. లేకపోతే ఫలితం వచ్చాక ఏది ఎవరిదో తెలియక తికమక. ఆడా మగా అన్నది మాత్రం మన చట్టం ప్రకారం ఎవరూ చెప్పకూడదు, మీరూ అడగొద్దు.

గుండె, వెన్ను లోపాలు ఎన్‌ఐపీటీకి అందవు. వాటికి 18–20 వారాల టిఫా స్కాన్ (బిడ్డ అవయవాలను వివరంగా చూసే స్కాన్) తప్పనిసరి.