కర్జత్ దాటాక రైలుని వెనక నుంచి తోసేదెవరు?

పోయిన నెల తిరుమల ఘాట్ రోడ్డు మీద ఒక పాఠకుడికి జవాబిస్తూ, మాటల్లో మాటగా ముంబై–పుణె మధ్య ఉన్న భోర్ ఘాట్ పేరు ఎత్తాను. అంతే, ఉత్తరాలు కుప్పలు పడ్డాయి. మనవాళ్లలో ఇంతమంది ఆ దారిన తిరుగుతుంటారని నిజంగా అనుకోలేదు. అన్నిటికీ జవాబివ్వడం కుదరదు కాబట్టి, ఒకే ప్రశ్న పదిమంది అడిగినవి కలిపేసి, కొన్ని ఇక్కడ ఇస్తున్నాను.

ప్ర: ముంబైలో మా అమ్మాయి దగ్గరికి వెళ్లి హైదరాబాద్ తిరిగొస్తుంటే ప్రతిసారీ కర్జత్‌లో ఆపి రైలు వెనక ఇంజన్లు తగిలిస్తారు. ముందున్న ఇంజన్ సరిపోదా? పోనీ, ఆ రెండోది కూడా ముందే తగిలించొచ్చుగా? (సికింద్రాబాద్ నుంచి ఒక పాఠకురాలు)

జ: సరిపోదమ్మా. కర్జత్ నుంచి లోనావాలా 28 కిలోమీటర్లు. ఆ కాస్త దూరంలోనే రైలు కొంకణ్ పల్లం వదిలి దక్కన్ పీఠభూమి మీదికి, అంటే సుమారు 550 మీటర్లు పైకి ఎక్కాలి. కొన్నిచోట్ల వాలు 37కి ఒకటి, అంటే 37 మీటర్లు ముందుకి పోతే ఒక మీటరు పైకి. కారులో పోయేవాళ్లకి ఇదొక ఎత్తా అనిపిస్తుంది గానీ ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి ఇది గోడ ఎక్కడం లాంటిదే. 24 బోగీల రైలు పొడవు దాదాపు 560 మీటర్లు ఉంటుంది కదా, అదంతా ఆ వాలు మీద ఉన్నప్పుడు మొదటి బోగీ చివరి బోగీ కంటే 15 మీటర్లు ఎత్తులో ఉంటుందన్నమాట, ఐదంతస్తుల మేడంత! వాలు ప్రతి టన్నుకీ 27 కిలోల చొప్పున రైలుని వెనక్కి లాగుతూనే ఉంటుంది. వెయ్యి టన్నుల బండికి లెక్క మీరే కట్టుకోండి.

ఇక ముందే ఎందుకు తగిలించరంటే, అప్పుడు బరువంతా మొదటి బోగీల కప్లింగుల మీదే, అంటే బోగీకీ బోగీకీ మధ్య ఉండే కొక్కేల మీదే పడుతుంది. వెనక నుంచి తోస్తే ఆ భారం పంచుకున్నట్టు. అన్నిటికంటే ముఖ్యం, మధ్యలో ఎక్కడైనా కప్లింగ్ తెగిందనుకోండి, బోగీలు వెనక్కి జారకుండా కింద ఈ ఇంజన్లు ఆనుకుని ఉంటాయి. వీటిని బ్యాంకర్లంటారు, డబ్బుతో సంబంధం లేదు.

ఈసారి చివరి బోగీలో సీటు దొరికితే గమనించండి. ప్లాట్‌ఫామ్ మీద అందరూ వడాపావ్ కోసం ఎగబడుతుంటారు, వేడి వడ, పచ్చిమిర్చి, కాగితం అంతా నూనె. ఆ హడావుడిలో వెనక నుంచి ఇంజన్లు మెల్లగా వచ్చి తాకుతాయి. చిన్న కుదుపు, గ్లాసులో టీ ఒలికీ ఒలకనట్టు, పై బెర్తులో పడుకున్నాయన లేచి ‘వచ్చేశామా’ అంటాడు. అదే ఘాట్ మొదలు.

ప్ర: మరి దిగేటప్పుడు ఎందుకంత నత్తనడక? మధ్యలో ఊరూ పేరూ లేని చోట ఆపుతారు కూడా.

జ: ఎక్కడం కంటే దిగడమే టెన్షన్ పని. గంటకి 30 కిలోమీటర్లకి అటూ ఇటూగా దించుతారు. దారిలో క్యాచ్ సైడింగులని ఉంటాయి. మెయిన్ లైన్ పక్కన ఒక పట్టా చీలి, కొండ వైపు పైకెక్కి ఆగిపోతుంది, ఎక్కడికీ పోదు. మామూలుగా దారి దానివైపే తిప్పి ఉంచుతారు! డ్రైవరు సిగ్నల్ దగ్గర బండిని పూర్తిగా ఆపి చూపించాలి, అంటే బ్రేకులు తన చేతిలో ఉన్నాయని రుజువు చెయ్యాలి, అప్పుడు గానీ పాయింట్లు మెయిన్ లైన్‌కి మార్చరు. బ్రేకులు పడని బండి తనంతట తానే ఆ ఎత్తు పట్టా ఎక్కి ఊపు తగ్గి ఆగుతుంది. మీరు విసుక్కున్న ఆ ఊరూ పేరూ లేని ఆగుడు అదే. బోర్ ఘాట్ అని జోకులేసిన ఇద్దరు ముగ్గురు పాఠకులకి కూడా ఇదే జవాబు.

ప్ర: మా తాతగారు చిన్నప్పుడు బొంబాయి వెళ్లేటప్పుడు కొండ మధ్యలో ఇంజన్ ఊడదీసి అవతలి చివర తగిలించేవాళ్లని, రైలు వెనక్కి నడిచేదని చెప్పేవారు. మేం కోతలనుకున్నాం. (గుంతకల్లు)

జ: తాతగారికి క్షమాపణ చెప్పుకోండి. అక్షరాలా నిజం. 1863లో లైను వేసినప్పుడు ఖండాలా దగ్గర కొండ కొమ్ము మీద ఒక రివర్సింగ్ స్టేషన్ కట్టారు. తిన్నగా ఎక్కడానికి చోటు లేదు, పెద్ద మలుపు తిప్పడానికీ చోటు లేదు. అందుకని రైలు ఒక కొస దాకా వెళ్లి ఆగేది, ముందు లోయే. ఇంజన్ విప్పి వెనక వైపుకి తెచ్చి తగిలించి, వచ్చిన దిక్కుకి ఎదురుగా ఇంకో పట్టా మీద పైకి లాగేవారు. మనం కొండ కాలిబాటలో అటో అడుగు ఇటో అడుగు వేసుకుంటూ ఎక్కమూ, అలాగే. మొదటి పెట్టె కాస్తా చివరి పెట్టె అయిపోయేది.

చూడ్డానికి బాగుండేదేమో గానీ ప్రమాదమే. 1869లో బ్రేకులు పట్టని ఒక మెయిల్ బండి ఆ స్టేషన్‌లో ఆగకుండా దూసుకుపోయింది. 1929లో కొత్త సొరంగాలతో దారి మార్చి దాన్ని మూసేశారు. ఆ వెంటనే కరెంటు ఇంజన్లు వచ్చాయి, 1930 జూన్ 1న బొంబాయి–పుణె రైలు దక్కన్ క్వీన్ మొదలైంది. ఘాట్ కోసమే తెప్పించిన పొడుగు మూతి కరెంటు ఇంజన్లని బయటివాళ్లు మొసళ్లనేవారు, వాటితో పనిచేసేవాళ్లు మాత్రం ఖేక్డా అనేవారట. ఖేక్డా అంటే మరాఠీలో పీత.

ప్ర: రోడ్డు ముందా, రైలు ముందా? శాతవాహనుల కాలం దారి అని ఎక్కడో చదివాను.

జ: రెండిటికంటే ముందు ఎద్దులు! సముద్రం పక్కన కల్యాణ్, సోపారా రేవులు, పైన పైఠాన్, తేర్ లాంటి వ్యాపార పట్టణాలు, మధ్యలో సహ్యాద్రి. సరుకు ఎలాగైనా ఈ కొండ ఎక్కాలి, దిగాలి. ఘాట్ పైకెక్కగానే కార్లా, భాజా, బేడ్సే బౌద్ధ గుహలు, కింద కర్జత్ వైపు కొండానే గుహలు ఉన్నాయంటే ఊరికే కాదు, బిడారులు పోయే దారి పక్కనే భిక్షువులకి దానాలు దొరికేవి. కార్లాలో శాతవాహనుల శాసనాలున్నాయి. ఇంకొంచెం ఉత్తరాన నాణేఘాట్‌లో అయితే రాణి నాగనిక శాసనమే ఉంది. అమరావతి చూసినవాళ్లు ఒకసారి కార్లా కూడా చూడాలి, అది వేరే ముచ్చట.

బండ్లు పోయే రోడ్డు మాత్రం చాలా ఆలస్యం. 1818లో పేష్వా రాజ్యం కంపెనీ చేతిలోకి వచ్చాక బొంబాయి నుంచి పుణెకి సైన్యం, ఫిరంగులు, సరుకు సులువుగా పోవాల్సి వచ్చింది. గవర్నర్ జాన్ మాల్కం 1830 నవంబరు 10న ఘాట్ రోడ్డు తెరిచాడు. పత్తి మూటలు ఎద్దుల వీపు మీద నుంచి బండ్ల మీదికి మారింది అప్పుడే.

రైలు 1853లో బొంబాయి–ఠాణే మధ్య మొదలై, 1856కి కొండ కింద ఖోపోలీ దాకా వచ్చి ఆగింది. పైన ఖండాలా నుంచి పుణెకి 1858లో వేసేశారు. మధ్యలో కొండ! ఐదేళ్ల పాటు ప్రయాణికులు కింద ఒక రైలు దిగి, పల్లకీలోనో గుర్రం మీదో బండిలోనో ఘాట్ ఎక్కి, పైన ఇంకో రైలు ఎక్కేవారు. సామాను, పిల్లలు, వానాకాలం, ఊహించుకోండి. మన ఊళ్లలో ఏటికి వంతెన తెగితే ఇటు బస్సు దిగి అటు బస్సు ఎక్కుతాం చూడండి, అది ఐదేళ్లు. 1863లో ఘాట్ లైను తెరిచాక గానీ ఆ బాధ తప్పలేదు. ఖోపోలీ లైను ఇప్పటికీ ఉంది, కర్జత్ నుంచి లోకల్ పోతుంది.

ప్ర: ఈ లైను కట్టింది ఒక ఆడమనిషి అని మా టీచర్ చెప్పారు. నిజమేనా?

జ: సగం నిజం. ప్లాను వేసింది జీఐపీ (గ్రేట్ ఇండియన్ పెనిన్సులా) రైల్వే ఇంజినీరు జేమ్స్ బర్క్‌లీ. పని 1856లో మొదలైంది. మొదటి కాంట్రాక్టరు ఫావియెల్ దగ్గర 1859లో జీతాల మీద పెద్ద గొడవ జరిగింది, కూలీలు తిరగబడ్డారు, అతను కాంట్రాక్టు వదిలేశాడు. ఆ తర్వాత ఇంగ్లండు నుంచి సాలమన్ ట్రెడ్‌వెల్ వచ్చాడు, వచ్చిన నెలలోపే జబ్బు చేసి చనిపోయాడు. ఇంకెవరైనా అయితే తిరుగు ఓడ ఎక్కేవారు. అతని భార్య ఆలిస్ మాత్రం కాంట్రాక్టు వదల్లేదు. ఆడమ్సన్, క్లౌజర్ అనే ఇద్దరు ఇంజినీర్లని పెట్టుకుని పని పూర్తి చేయించింది. బర్క్‌లీ లైను తెరవడం చూడలేదు, 1862లో పోయాడు.

కానీ ‘కట్టింది’ అనే మాట దగ్గరే నాకు పేచీ. 1861లో ఆ కొండ మీద ఒకేసారి 42,000 మంది దాకా పనిచేశారు. 25 సొరంగాలు. నిలువు రాతిగోడ మీద నిలబడే చోటు లేక, మనుషుల్ని పైనుంచి తాళ్లతో వేలాడదీసి, మందుగుండు పెట్టే గుంతలు తొలిపించారు. వానాకాలం పని ఆగేది, కలరా మాత్రం ఆగేది కాదు. వేలమంది పోయారు. బర్క్‌లీ పేరుంది, ఆలిస్ పేరుంది, తాడు మీద వేలాడిన వాళ్లలో ఒక్కరి పేరు చెప్పమంటే నా దగ్గర లేదు. అంత చేసీ 1867లో ఒక పెద్ద రాతి వంతెన కూలిపోయింది, మళ్లీ కట్టాల్సి వచ్చింది.

ప్ర: పాత రోడ్డు మీద లారీ డ్రైవర్లు ఒక గుడి దగ్గర చిల్లర వేస్తారు. ఏ దేవుడు?

జ: శింగ్రోబా. ధనగర్, అంటే మన గొల్ల కురుమల లాంటి గొర్రెల కాపరి. ఇంజినీర్లకి కొండ ఎక్కే దారి దొరక్కపోతే, మంద వెంట తిరిగే ఇతను చూపించాడని, ఏం కావాలంటే మా దేశాన్ని వదిలిపొండి అన్నాడని, దానికి కాల్చి చంపారని కథ. కాగితాల్లో దీనికి ఆధారం లేదు. అయినా కొండ ఎక్కడ ఒంగుతుందో, వానలో ఎక్కడ జారుతుందో కొలతల గొలుసు పట్టుకొచ్చినవాడికంటే గొర్రెల కాపరికే ముందు తెలుస్తుందన్నది కాదనలేం కదా. పైన చెప్పిన పేరు లేని వాళ్లందరి తరఫునా ఇతనొక్కడికి గుడి కట్టారని నేననుకుంటాను. చిల్లర వేస్తే తప్పు లేదు.

ప్ర: ఎక్స్‌ప్రెస్‌వే మీద అమృతాంజన్ బ్రిడ్జి అని ఒకటుండేది. మన అమృతాంజనమేనా?

జ: అచ్చంగా మనదే! కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన తలనొప్పి మందు. ఆంధ్రపత్రిక వారపత్రికగా పుట్టింది కూడా బొంబాయిలోనే, 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. ఖండాలా దగ్గర బ్రిటిష్ కాలం నాటి పాత రాతి వంతెన పక్కన అమృతాంజనం ప్రకటన బోర్డు ఉండేది, జనం నోట వంతెనకి ఆ పేరే స్థిరపడింది. కింద నుంచి ఎక్స్‌ప్రెస్‌వే వెళ్లాక దాని స్తంభాల దగ్గర దారి ఇరుకై రోజూ జామ్. తలనొప్పి మందు పేరున్న వంతెన దగ్గరే అందరికీ తలనొప్పి. 2020 ఏప్రిల్ 5న, లాక్‌డౌన్‌లో రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, పేలుడు పదార్థాలు పెట్టి పడగొట్టారు.

ఇదొక్కటే కాదు మనకి సంబంధం. 1871లో బొంబాయి నుంచి వచ్చిన పట్టా, మద్రాసు నుంచి వచ్చిన పట్టా రాయచూరు దగ్గర కలిశాయి. అప్పటినుంచి గుత్తి, కడప, రేణిగుంట వాళ్లకి బొంబాయి అంటే ఈ ఘాట్ దిగడమే. 1874లో వాడి–సికింద్రాబాద్ లైను వచ్చాక హైదరాబాదు వాళ్లకీ అంతే. షోలాపూర్ పద్మశాలీలు, బొంబాయి కట్టడాలకి వలసపోయిన పాలమూరు కూలీలు, వీళ్లలో ఎందరో ఈ సొరంగాల పొగ పీల్చినవాళ్లే.

ప్ర: ‘ఘాట్’ని తెలుగులో ఏమనాలి? ఘాట్ అంటే గోదావరి మెట్లు కదా?

జ: కనుమ. నంది కనుమ, మంత్రాలమ్మ కనుమ అని నల్లమలలో ఉన్నాయి. నంది కనుమలో రోడ్డు, రైలు రెండూ ఉన్నాయి, దాని మీద ఇంకోసారి రాస్తాను. మరాఠీలో ఘాట్‌కి రెండర్థాలూ ఉన్నాయి, మనం తిరుమలకి రోడ్డుతో పాటు ఆ మాట కూడా తెచ్చుకున్నాం. కనుమ అంటే ఇప్పటి పిల్లలకి సంక్రాంతి మర్నాడు తినే గారెలే గుర్తొస్తున్నాయి.

ప్ర: లోనావాలా చిక్కీ మన పల్లీపట్టీయేనా? అంత రేటెందుకు?

జ: పల్లీపట్టీయే. ఘాట్ లైను పని చేసే కూలీలకి బెల్లం, పల్లీలు, నెయ్యి కలిపి అమ్మడంతో మొదలైందని అక్కడ చెప్పుకుంటారు. రేటంటారా, స్టేషన్‌లో బ్యాంకర్లు విప్పేలోపు కొనాలి, బేరమాడే టైముండదు. అది అమ్మేవాడికి మీకంటే బాగా తెలుసు.