పాత ప్రూఫ్ నాణెమా, ఈగల్ బంగారు నాణెమా?

ప్రశ్న: మేము పదకొండేళ్లుగా న్యూజెర్సీలో ఉంటున్నాం. అత్యవసర నిధి విడిగా ఉంది. ఇద్దరి రిటైర్మెంట్ ఖాతాల్లో కలిపి 2 లక్షల డాలర్లకు పైగా ఉన్నాయి. చేతిలో ఉన్న 30,000 డాలర్లలో కొంత బంగారంలో పెట్టాలనుకుంటున్నాం. మా అమ్మాయి ఎనిమిదేళ్లలో కాలేజీకి వెళ్తుంది. నేను అమెరికా ప్రభుత్వ టంకశాల కొట్టే అమెరికన్ ఈగల్ బంగారు నాణేలు కొందామంటున్నాను. మా వారికి పాత నాణేలంటే ప్రాణం. ఒక వ్యాపారి ఆయనకు 1890ల నాటి రెండున్నర డాలర్ల ప్రూఫ్ బంగారు నాణేన్ని 14,000 డాలర్లకు ఇస్తానంటున్నారు. ప్రభుత్వం ఎప్పుడైనా బంగారం స్వాధీనం చేసుకున్నా పాత నాణేల జోలికి రాదని కూడా చెప్పారట. ఏది మేలు?

సమాధానం: ముందుగా మీ వారు ముచ్చటపడిన నాణేన్ని కాసుల లెక్కలోకి మార్చి చూద్దాం. అమెరికా పాత రెండున్నర డాలర్ల నాణెం బరువు 4.18 గ్రాములు. అందులో నూటికి తొంభై పాళ్లు బంగారం కాబట్టి, స్వచ్ఛమైన బంగారం 3.76 గ్రాములు తేలుతుంది. మన ఇళ్లలో కాసు అంటే 8 గ్రాములు. 22 క్యారెట్ల బ్రిటిష్ సవరను తూకం కూడా దాదాపు అంతే, 7.98 గ్రాములు. ఆ లెక్కన వ్యాపారి 14,000 డాలర్లకు ఇస్తానంటున్న నాణెంలో ఉన్నది అర కాసు బంగారం. మీరు కొనాలనుకుంటున్న ఒక ఔన్సు ఈగల్ కూడా 22 క్యారెట్లదే, బరువు 33.93 గ్రాములు, అంటే నాలుగు కాసులకు కాస్త పైన. పాత నాణేన్ని చిన్నబుచ్చాలని ఈ పోలిక తేలేదు. మీరిచ్చే సొమ్ములో బంగారం విలువ పోగా మిగిలినదంతా అరుదుతనానికీ, పనితనానికీ, నాణెం ఉన్న స్థితికీ కట్టే ధర అనీ, బంగారం ధర పెరిగినంత మాత్రాన ఆ భాగం పెరగదనీ మీ ఇద్దరికీ స్పష్టంగా తెలియాలి.

ప్రూఫ్ అనే మాట నాణెం తయారీ పద్ధతికి సంబంధించినది. చాలామంది దాన్ని నాణ్యతకు గుర్తుగా పొరబడతారు. మెరుగు పెట్టిన బిళ్లపై మెరుగు పెట్టిన అచ్చులతో ఒకటికి రెండుసార్లు బలంగా ముద్ర వేస్తారు. అందువల్ల నాణెం నేల, అంటే బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ భాగం, అద్దంలా మెరుస్తుంది, బొమ్మ మంచు పట్టినట్టు మసకగా పైకి నిలుస్తుంది. ఫిలడెల్ఫియా టంకశాల 1858 నుంచి వీటిని సేకర్తలకు క్రమం తప్పకుండా అమ్మింది. 1890లలో రెండున్నర డాలర్ల ప్రూఫ్ నాణేలు ఏ ఏడాదీ రెండు వందలకు చేరలేదు. 1884లో ఇరవై డాలర్లవి కొట్టినవి 71 మాత్రమే. అరుదుతనం నిజమే. ఇప్పుడు వెస్ట్ పాయింట్ టంకశాలలో వేల సంఖ్యలో కొట్టే ప్రూఫ్ ఈగల్ నాణేలకు అది వర్తించదు. వాటికి టంకశాల తీసుకునే అదనపు ధర తిరిగి అమ్మేటప్పుడు చాలావరకు రాదు కనుక, ఆ మూడో దారి వైపు మీరు వెళ్లకండి.

పాత ప్రూఫ్ నాణేల్లో ధర నిర్ణయమయ్యేది ఉపరితలం మీద. కొన్నేళ్ల కిందట ఒక కుటుంబం నా దగ్గరికి అలాంటి నాణెం తెచ్చింది. బల్ల దీపం కింద దాన్ని మెల్లగా వాల్చి చూస్తే, అద్దంలాంటి నేల మీద ఒకే వాటంలో సాగిన సన్నని వెంట్రుక గీతలు కనిపించాయి. ఎప్పుడో ఎవరో మెత్తని గుడ్డతో ప్రేమగా తుడిచారు, అంతే. పండక్కి చింతపండుతో తోమి తళతళలాడించే అలవాటు మనది. ఆ ప్రేమే ఇక్కడ విలువను హరిస్తుంది. ఈ స్థితిని 70 వరకు ఉండే అంకెల్లో కొలిచి, నాణేన్ని ప్లాస్టిక్ పెట్టెలో మూసి ఇచ్చే సంస్థల్లో పీసీజీఎస్, ఎన్‌జీసీ ప్రధానమైనవి. 63కూ 65కూ మధ్య ధర ఎంతో మారిపోవచ్చు, ఆ తేడాను మామూలు కంటితో పట్టుకోవడానికి ఏళ్ల తరబడి సాధన కావాలి. మీ వారికి ఆ సాధన ఉందా? ఇష్టం ఉండటం వేరు, చూపు కుదరడం వేరు.

అమ్మకం సంగతి కూడా చూడాలి. ఈగల్‌ను ఏ ఊళ్లోనైనా ఆ రోజు మార్కెట్ ధరకు దగ్గరగా, నిమిషాల్లో అమ్ముకోవచ్చు. ప్రూఫ్ నాణేనికి కొనేవారు కొద్దిమంది. వ్యాపారికి తిరిగి అమ్మితే ఆయన లాభం పోగా మిగిలినదే మీది. వేలానికి పెడితే కొనేవారి మీద పడే అదనపు రుసుము చాలా చోట్ల ఐదో వంతుకు అటూ ఇటూ ఉంటుంది, దాన్ని మనసులో పెట్టుకునే వారు పాట పాడతారు. 1989లో పెట్టుబడి సంస్థల సొమ్ము గ్రేడు చేసిన నాణేల మీద పడి ధరలు ఎగబాకాయి, 1990లో కుప్పకూలాయి. అలాగని బంగారం నిశ్చింత అనీ అనుకోకండి. 1980 జనవరిలో ఔన్సు 850 డాలర్లకు చేరిన ధర, మళ్లీ ఆ మెట్టు ఎక్కడానికి 2008 దాకా పట్టింది.

స్వాధీనం మాట వినగానే నాకు బాధ కలిగింది, ఎందుకంటే భయపెట్టి అమ్మడానికి దశాబ్దాలుగా వాడుతున్న మాట అది. ప్రజల దగ్గరున్న బంగారాన్ని అప్పగించమంటూ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1933 ఏప్రిల్ 5న ఇచ్చిన ఉత్తర్వులో సేకర్తలకు ప్రత్యేక విలువ ఉన్న అరుదైన నాణేలకు మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ సొంతంగా బంగారం ఉంచుకోవడంపై ఉన్న ఆ ఆంక్షలు 1974 చివర్లో తొలగిపోయాయి. తొంభై ఏళ్ల నాటి ఉత్తర్వును చూపించి అర కాసు బంగారానికి 14,000 డాలర్లు అడిగే వ్యాపారి దగ్గర ఏదీ కొనవద్దని నా సలహా.

పన్నులో రెండింటికీ తేడా లేదు. ఏడాదికి మించి ఉంచి అమ్మిన లాభంపై ఫెడరల్ పన్ను గరిష్ఠంగా 28 శాతం, ఎందుకంటే రెండూ సేకరణ వస్తువుల కిందికే వస్తాయి. ఈగల్‌కు ఉన్న ఒక సౌలభ్యం ఏమిటంటే దాన్ని ఐఆర్‌ఏ అనే రిటైర్మెంట్ ఖాతాలో పెట్టుకోవచ్చు, పాత నాణేన్ని పెట్టలేరు. అయితే ఖాతాలోని నాణేలను ఇంట్లో ఉంచుకుంటే, ఆ సొమ్మును వెనక్కి తీసుకున్నట్టే లెక్క అని 2021లో టాక్స్ కోర్టు తేల్చింది.

ఏది కొన్నా మామూలు ఇంటి బీమా నాణేలకు 200 డాలర్లకు మించి ఇవ్వకపోవచ్చు, పాలసీ తీసి చూడండి. అమ్మాయి పెళ్లికని పాత నాణేన్ని ఇండియాకు తీసుకువెళ్లే ఆలోచన ఉంటే మరో మెలిక ఉంది. అక్కడి 1972 చట్టం వందేళ్లు దాటిన నాణేన్ని పురావస్తువుగా చూస్తుంది, ఒకసారి లోపలికి వెళ్లినదాన్ని మళ్లీ బయటకు తేవడం మన చేతిలో ఉండదు.

ఎనిమిదేళ్లలో ఖర్చయ్యే చదువు సొమ్మును నేను బంగారంలో పెట్టనివ్వను. 30,000లో 15,000 డాలర్లు అమ్మాయి పేరిట 529 ఖాతాలో, అంటే చదువుల కోసం ఉన్న పొదుపు ఖాతాలో, వేయండి. మిగతా సగంలో 13,000 దాకా ఒక ఔన్సు ఈగల్ నాణేలకు కేటాయించి, ఒకేసారి కాకుండా ఏడాదిలో విడతలుగా కొనండి. చిన్న నాణేలకు బంగారం విలువపై వేసే అదనపు ధర ఎక్కువ కనుక పదో వంతు ఔన్సు వాటిని వదిలేయండి. చివరి 2,000 మీ వారిది. బంగారం ఊసు ఎత్తకుండా, పందొమ్మిదో శతాబ్దపు చిన్న వెండి ప్రూఫ్ నాణెం ఒకటి, గ్రేడింగ్ పెట్టెలో ఉన్నది, ఆయన కొనుక్కోవచ్చు. కొనే ముందు కనీసం రెండు నాణేల ప్రదర్శనలకు వెళ్లి, ఖాళీ చేతులతో తిరిగి రమ్మనండి. నచ్చిన ప్రతి నాణేన్నీ దీపం కింద వాల్చి చూసి, అదే రకం ఇటీవలి వేలంలో ఎంత పలికిందో రాసుకుని రావాలి.