వడగళ్ళ కాలంలో ఫ్రీజింగ్ లెవెల్ ఎలా చూడాలి

చి. సౌమ్యకు మామయ్య ఆశీస్సులు.

బేగంపేటలో నీకు రేడియోసాండ్ (బెలూన్‌కి కట్టి పంపే వాతావరణ కొలత పరికరం) డ్యూటీ వేశారని, మార్చి నుంచి ఫ్రీజింగ్ లెవెల్ (గాలి సున్నా డిగ్రీలకు చల్లబడే ఎత్తు) నువ్వే చూసి చెప్పాలని మీ అమ్మ చెప్పింది. సంతోషం. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. సాఫ్ట్‌వేర్ చూపించిన అంకెను చూసీచూడకుండా పైకి పంపేయకు. యాసంగి వరి కోతకొచ్చే వేళ, మామిడి కాయ ఊరే వేళ ఆ అంకెను చూసుకునే వడగళ్ళ హెచ్చరిక వెళుతుంది.

బెలూన్ నిమిషానికి సుమారు 300 మీటర్లు ఎక్కుతుంది. మీ స్టేషన్ సముద్రమట్టానికి 530 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది కాబట్టి, వదిలిన పావుగంట అటూ ఇటూగా సున్నా డిగ్రీలు దాటుతుంది. ఆ కాసేపు స్క్రీన్ ముందు నుంచి లేవకు. ప్రామాణిక వాతావరణం (లెక్కల కోసం ఒప్పుకున్న సగటు నమూనా) ప్రకారం సున్నా 2.3 కిలోమీటర్ల దగ్గర రావాలి. మనది ఉష్ణమండలం. ఇక్కడ ఎక్కువ రోజులు నాలుగున్నర, ఐదున్నర కిలోమీటర్ల మధ్య ఉంటుంది. మూడు కిలోమీటర్లని వచ్చిందంటే ముందు సెన్సర్‌నే అనుమానించు.

సెన్సర్ మోసం చేసేది ఎక్కువగా మేఘం దగ్గరే. తడిసిన సెన్సర్ మేఘం దాటి పొడి గాలిలోకి రాగానే దాని మీది నీరు ఆవిరవుతూ దాన్ని చల్లబరుస్తుంది. అప్పుడు కిలోమీటరుకు 9.8 డిగ్రీల (పైకెక్కే పొడి గాలి చల్లబడే వేగం) కన్నా వేగంగా ఉష్ణోగ్రత పడిపోయినట్టు కనిపిస్తుంది, సున్నా అసలు ఎత్తు కన్నా కిందే వచ్చేస్తుంది. దీనికి తిరగబడేది ఇంకోటుంది. సున్నా కన్నా చల్లగా ఉన్నా గడ్డకట్టని నీటి చుక్కలు సెన్సర్‌కి తగిలి గడ్డకడితే వేడి విడుదలవుతుంది, ఉష్ణోగ్రత గీత సున్నా దగ్గరే నిలబడిపోతుంది. చిక్కేమిటంటే, ముసురు వానలో పైనుంచి పడే మంచు కరుగుతూ చుట్టూ గాలి వేడిని లాక్కున్నప్పుడు కూడా అచ్చం ఇలాంటి నిలువు గీతే వస్తుంది. అది మాత్రం నిజమైనదే. రెంటినీ విడదీయాలంటే రాడార్ చూడాలి. స్టేషన్ చుట్టూ అదే ఎత్తులో బ్రైట్ బ్యాండ్ (మంచు కరిగే చోట రాడార్‌లో మెరిసే పట్టీ) ఉంటే గీతను నమ్ము. వానే లేకపోతే నమ్మకు.

లెక్క సులువే. 600 హెక్టాపాస్కల్ (గాలి పీడనం కొలమానం) దగ్గర ఎత్తు 4420 మీటర్లు, ఉష్ణోగ్రత 1.8, 500 దగ్గర 5860 మీటర్లు, మైనస్ 7.8 అనుకో. 1440 మీటర్లలో 9.6 డిగ్రీలు తగ్గింది. సున్నాకి చేరడానికి 1.8 తగ్గాలి, అంటే 270 మీటర్లు. జవాబు 4690 మీటర్లు. కానీ ఈ రెండు మట్టాల మధ్య గీత వంగి ఉంటే ఇది తప్పుతుంది, అందుకే సున్నాకి అటూ ఇటూ దగ్గరలో ఉన్న సిగ్నిఫికెంట్ లెవెల్స్ (గీత వంపు తిరిగే చోట్ల నమోదయ్యే మట్టాలు) తీసుకో. ఇది సముద్రమట్టం నుంచి ఎత్తు. నేల నుంచి అడిగితే స్టేషన్ ఎత్తు తీసేయాలి. విమానాల వాళ్ళకు అడుగుల్లో చెప్పాలి, 15,400. దాన్ని ఫ్లైట్ లెవెల్ అని రాయకు, ఫ్లైట్ లెవెల్ లెక్క 1013.25 పీడనం మీద నడుస్తుంది.

వడగళ్ళకు అసలు కీలకం మాత్రం తడి బల్బు సున్నా, అంటే తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ సున్నా చూపే ఎత్తు. మార్చి, ఏప్రిల్‌లో దక్కన్ మీద మధ్య పొరల గాలి బాగా పొడిగా ఉంటుంది. అందులోంచి పడే వడగల్లు మీద నీరు ఆవిరవుతూ దాన్ని చల్లగా ఉంచుతుంది, అందుకే సున్నా దాటి కిందికొచ్చినా వెంటనే కరగదు. పై ఉదాహరణలోనే 650 హెక్టాపాస్కల్ దగ్గర, అంటే దాదాపు 3760 మీటర్లలో, ఉష్ణోగ్రత 6.4, డ్యూ పాయింట్ (గాలిలో ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) మైనస్ 12 అయితే తడి బల్బు మైనస్ 1 వస్తుంది. అంటే కరగడం మొదలయ్యేది మామూలు సున్నాకి 900 మీటర్లకు పైగా కింద! టెఫిగ్రామ్ (సౌండింగ్ గీసే చార్టు) మీద ఉష్ణోగ్రత నుంచి పొడి అడియబాట్ (పైకెక్కే పొడి గాలి చల్లబడే గీత), డ్యూ పాయింట్ నుంచి మిక్సింగ్ రేషియో (గాలిలో ఆవిరి పాలు) గీత పైకి గీయి. అవి కలిసిన చోటు నుంచి తడి అడియబాట్ (ఆవిరితో నిండిన గాలి గీత) వెంట అదే పీడనానికి దిగిరా. సున్నాకి దిగువన నాలుగైదు మట్టాల్లో ఇలా చేస్తే తడి బల్బు ఎక్కడ సున్నా అయిందో తెలిసిపోతుంది.

ఇక రాడార్. కరుగుతున్న మంచు రేకు మీద నీటి పొర చేరితే అది రాడార్‌కి పెద్ద చుక్కలా కనిపిస్తుంది. పూర్తిగా కరిగాక చిన్నదై వేగంగా పడిపోతుంది. అందుకే మధ్యలో ఆ మెరుపు పట్టీ. దాని నడుమ భాగం సున్నా మట్టానికి కొన్ని వందల మీటర్లు కిందుంటుంది, ఆ తేడా వదిలెయ్యకు. 10 డిగ్రీల ఎలివేషన్‌లో (రాడార్ కిరణం నేల నుంచి పైకి లేచే కోణం) చూస్తే ఐదు కిలోమీటర్ల ఎత్తు 28 కిలోమీటర్ల దూరంలో పడుతుంది, అక్కడ ఉంగరంలా కనబడుతుంది. దూరం పోతే పనికిరాదు: ఒక డిగ్రీ కిరణం 100 కిలోమీటర్ల దగ్గర 1.75 కిలోమీటర్ల మందం అవుతుంది, పట్టీ అందులో కలిసిపోతుంది. ఉరుముల మేఘం నడిబొడ్డులో కూడా దాన్ని వెతకకు. అక్కడ పైకెగసే గాలి అన్నిటినీ కలిపేస్తుంది.

స్విట్జర్లాండ్ వడగళ్ళ పరిశోధనలో వచ్చిన కొలమానం ఒకటి గుర్తుపెట్టుకో: 45 డీబీజెడ్ (రాడార్ ప్రతిధ్వని బలం కొలమానం) ప్రతిధ్వని సున్నా మట్టానికి 1.4 కిలోమీటర్లు, ఆపైన నిలబడితే వడగళ్ళు అనుమానించాలి. నువ్వు సున్నా మట్టాన్ని అర కిలోమీటరు ఎక్కువ చూపించావంటే, రావాల్సిన హెచ్చరిక అక్కడే ఆగిపోతుంది. తక్కువ చూపిస్తే ప్రతి మబ్బుకీ హెచ్చరికే.

ఉదయం 5:30 సౌండింగ్‌తోనే (బెలూన్ కొలతతోనే) సాయంత్రం దాకా నెట్టుకురాకు. మధ్యాహ్నం మబ్బు కమ్మేలోపు గాలి మారిపోతుంది. రిజిస్టర్‌లో సున్నా ఎత్తు, తడి బల్బు సున్నా ఎత్తు, బ్రైట్ బ్యాండ్ ఎత్తు, టైము పక్కపక్కనే రాయి. ఎక్కడైనా వడగళ్ళు పడ్డాయని ఫోనొస్తే ఊరు, టైము, గింజ సైజు (శనగగింజా, గోలీనా, నిమ్మకాయా) అడిగి అదే వరసలో ఎక్కించు.

ఇట్లు,
మామయ్య