‘నేను లేకపోతే మీరైనా హాయిగా ఉంటారు’ అంటున్నారు మా వారు

ప్రశ్న: మాది ఖమ్మం. మా వారికి 43 ఏళ్లు. సెల్‌ఫోన్ల షాపు నష్టాలొచ్చి మూసేశారు. చిట్టీలు, లోన్ యాప్‌ల అప్పులు మిగిలాయి. నిద్రపోరు, తాగుడు ఎక్కువైంది. మొన్న ‘నేను లేకపోతే ఇన్సూరెన్స్ డబ్బుతో మీరైనా హాయిగా ఉంటారు’ అన్నారు. ఇంటర్ చదివే మా అమ్మాయి మార్కుల టెన్షన్‌తో ఏం చేసుకుంటుందోనని ఇన్నాళ్లూ దాన్నే కనిపెట్టుకుని ఉన్నాను. ఈయన మాటల్నీ పట్టించుకోవాలా? అడిగితే లేని ఆలోచన నేనే పెట్టినట్టవుతుందేమో!
- ఒక సోదరి

సమాధానం: పట్టించుకోవాలమ్మా, అదీ ఈ రోజే. తన ప్రాణం కన్నా ఆ డబ్బే మీకు అక్కరకొస్తుందని అనుకుంటున్నారంటే, ఆయన లోపల ఎంత కుంగిపోయారో చూడండి. అది కోపంలో అన్న మాటగా వదిలేయకండి.

అమ్మాయి మీద కన్నేసి ఉంచడం మంచిదే. 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. కానీ ఆ ఏడాది మొత్తం 1,70,924 మంది పోతే, అందులో 1,22,724 మంది మగవాళ్లే. వయసు చూస్తే, మూడింట రెండు వంతుల మంది 18 నుంచి 45 ఏళ్ల లోపువాళ్లు. అంటే ఇల్లు నడిపే వయసు. పరీక్ష తప్పిన పిల్లల గురించి ఊరంతా మాట్లాడుకుంటాం. షాపు మూసేసిన మగాడిని ‘ఎలా ఉన్నావు’ అని అడిగేవాళ్లుండరు. ఏడిస్తే చులకనైపోతానని ఆయనా చెప్పుకోరు. అప్పు, అవమానం, మందు, నిద్రలేమి ఒకే మనిషిలో కలిశాయంటే ఆలస్యం చేయకూడదు.

అడిగితే ఆలోచన పెట్టినట్టు కాదు. లోపల దాచుకున్నది బయటికి చెప్పుకునే దారి దొరికినట్టు. తాగి లేనప్పుడు, ఇద్దరే ఉన్నప్పుడు, ‘ఏమండీ, చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అవునంటే ఏడవద్దు, ఒట్లు వేయించుకోవద్దు, ‘పిల్ల గతేమిటి’ అని నిలదీయొద్దు. అది ఆయన మోస్తున్న బరువుకు ఇంకో బరువు. వినండి చాలు. ఎప్పుడు, ఎలా అన్నది కూడా ఆలోచించి పెట్టుకున్నారని తెలిస్తే ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, లేదా 108కి ఫోన్ చేయండి.

ఇంట్లో పురుగుమందు, ఎక్కువ మాత్రలు ఉంటే ఈ రోజే బయటికి పంపేయండి. చచ్చిపోవాలన్న ఆ తీవ్రత చాలామందిలో కాసేపే ఉంటుంది. ఆ కాసేపు చేతికేమీ అందకపోతే మనిషి మిగులుతాడు. శ్రీలంకలో బాగా విషపూరితమైన పురుగుమందులను నిషేధించాక ఆత్మహత్యలు ఎంతో తగ్గాయి.

ఈ సంగతి ఆయన అన్నదమ్ముల్లోనో, మీ పుట్టింట్లోనో నమ్మకమైన ఒకరికి చెప్పండి. పరువు పోతుందని దాచొద్దు. ఎవరికెంత ఇవ్వాలో ఆ మనిషితో కూర్చుని కాగితం మీద రాయించండి. బ్యాంకు, ఫైనాన్స్ కంపెనీల రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. బెదిరిస్తుంటే ఆ కాల్స్ దాచి పోలీసులకు ఇవ్వండి.

టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఆయన ఒప్పుకోకపోతే ముందు మీరే చేయండి. జిల్లా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించండి. డిప్రెషన్‌కు, తాగుడుకు చికిత్స ఉంది. పోలీసు కేసవుతుందన్న భయం కూడా వద్దు. ఆత్మహత్యకు ప్రయత్నం చేసిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది.

ఇక మీ సంగతి. ఉత్తరం నిండా భర్త, కూతురే ఉన్నారు, మీరెక్కడా లేరు. 2022లో ఆత్మహత్య చేసుకున్న 48,172 మంది ఆడవాళ్లలో సగానికి పైగా గృహిణులేనమ్మా. 14416కు ఫోన్ చేసినప్పుడు ఆయన గురించి చెప్పాక ఫోన్ పెట్టేయకండి. మీరు ఎలా నిద్రపోతున్నారో, ఎలా తింటున్నారో కూడా చెప్పండి.