నీటి గడియారంలో ధార నిలకడ

ప్రశ్న: కుండ అడుగున బెజ్జం పెట్టి, అందులోంచి కారే నీటిని బట్టి ప్రాచీన గ్రీకులు కాలాన్ని కొలిచేవారని చదివాను. కుండ ఖాళీ అవుతున్నకొద్దీ ధార సన్నబడుతుంది కదా, మరి లెక్క ఎలా కుదిరేది?

జవాబు: మీ సందేహం సరైనదే. నీటిమట్టం దిగేకొద్దీ అడుగున ఒత్తిడి తగ్గి ధార మందగిస్తుంది. ఏథెన్స్ న్యాయస్థానాల్లో దీనివల్ల ఇబ్బంది రాలేదు. అక్కడ పాత్రలో నీరు కారిపోయేంతవరకే మాట్లాడాలి, కాబట్టి వాదికీ ప్రతివాదికీ సమానంగా నీళ్లు కొలిచి పోస్తే న్యాయం జరిగినట్టే. ఆ నగరపు అగోరా, అంటే సంత కూడలి, తవ్వకాల్లో దొరికిన మట్టిపాత్రలో సుమారు 6.4 లీటర్లు పడతాయి, అవి దాదాపు 6 నిమిషాల్లో కారిపోతాయి. అయితే రోజు పొడుగునా వేళ చూపాలంటే మాత్రం ధార మారకూడదు.

ఆ చిక్కు విప్పినవాడు క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో జీవించిన క్తెసిబియస్ అనే మంగలి కొడుకు. తండ్రి దుకాణంలో అద్దాన్ని పైకీ కిందికీ జరపడానికి ఆయన ఒక గొట్టంలో సీసపు బరువును వేలాడదీశాడనీ, అది వేగంగా దిగినప్పుడు లోపలి గాలి అదిమినట్టై చప్పుడుతో బయటికి వచ్చిందనీ రోమన్ వాస్తుశిల్పి విత్రూవియస్ రాశాడు. గాలి, నీరు ఎలా నడుచుకుంటాయో అంత దగ్గరగా గమనించిన మనిషి కాబట్టే నీటి ఒత్తిడితో పలికే వాద్యాన్నీ, రెండు సిలిండర్ల పంపునూ చేయగలిగాడు.

ఆయన గడియారాన్ని చరిత్రకారులు ఇలా వివరిస్తారు. పైతొట్టిలోకి అవసరానికి మించి నీరు వస్తూనే ఉంటుంది, ఎక్కువైనది చెరువు అలుగు మీదుగా పోయినట్టు పొర్లిపోతుంది, అందువల్ల మట్టం ఎప్పుడూ ఒక్కచోటే నిలిచి అడుగు బెజ్జం నుంచి ధార ఒకే తీరున పడుతుంది. ఆ బెజ్జాన్ని బంగారంలో గానీ, తొలిచిన రత్నంలో గానీ చేశాడట, ఎందుకంటే అవి నీటి ఒరిపిడికి అరగవు, మురికి పట్టి పూడుకుపోవు. నాకు ఆయన ప్రతిభ అన్నిటికన్నా ఇక్కడే కనిపిస్తుంది. బెజ్జం వెంట్రుకవాసి పెద్దదైనా గడియారం తప్పుతుందని ఆయన ముందే ఊహించాడు.

కింది పాత్రలో నీరు పెరిగేకొద్దీ బెండు పైకి లేచి, దానికి అమర్చిన చిన్న బొమ్మ తన పుల్లతో స్తంభం మీది గీతలను చూపేది. ఆ కాలంలో పగలు ఎంత పొడుగైనా, ఎంత పొట్టిదైనా 12 భాగాలే కాబట్టి, వేసవి గంట చలికాలపు గంట కంటే పెద్దది. అందుకే స్తంభం మీది గంటల గీతలను నెలనెలకూ ఎడం మారేలా గీసేవారు.